గోల్కొండ మీద కురిసిన తొమ్మిదో తరగతి

(డ్రాయింగ్ టీచర్ల సమావేశంలో ఒక ప్రభుత్వ హైస్కూలు ఉపాధ్యాయిని చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? సరే. తెర పక్కన ట్యూబులైటు ఒక్కటి ఆపేయండి నాయనా, బొమ్మ పాలిపోయినట్టు కనపడుతోంది. ఆ, ఇప్పుడు బాగుంది.

ఈ బొమ్మని ఒక్క నిమిషం ఊరికే చూడండి. నేనూ మాట్లాడను.

సరే, ఏం కనపడింది? ఇళ్ళు. ఎర్ర కప్పులు, వరసగా కిటికీలు. పైన ఆకాశం. ఆకాశం నిండా మనుషులు. నల్లకోటు, నల్లటోపీ వేసుకున్న మనుషులు. పైకి పోతున్నారా, కిందికి దిగుతున్నారా, ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారా? చెప్పలేం. వానచినుకుల్లా ఉన్నారు. బెల్జియం చిత్రకారుడు రెనే మాగ్రిట్ 1953లో వేసిన బొమ్మ ఇది. అసలుది అమెరికాలో, హ్యూస్టన్ నగరంలోని మెనిల్ కలెక్షన్ మ్యూజియంలో ఉంది. దీని పేరేమిటో మీలో ఎవరికైనా తెలుసా? గోల్కొండ. అవునండీ, మన గోల్కొండే.

మా స్కూలు మేడ ఎక్కితే గోల్కొండ కోట మీది బాలాహిస్సార్ కనపడుతుంది. అంత దగ్గర. తొమ్మిదో తరగతికి ఈ బొమ్మ చూపించి పేరు చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. "మేడం, మరి కోట ఏడుంది?" అంది. మంచి ప్రశ్న కదా? కోట లేదు ఇందులో. ఆ పేరు పెట్టింది మాగ్రిట్ కూడా కాదు, ఆయన స్నేహితుడు, కవి, లూయీ స్క్యూటెనేర్. కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల తవ్విన వజ్రాలు గోల్కొండ బజారుకొచ్చి అమ్ముడుపోయేవి. ఆ వజ్రాల పేరు చెప్పుకొని పడమటి దేశాల్లో గోల్కొండ అంటే తరగని సంపద అని ఒక మాటే పుట్టింది. నిఘంటువుల్లోకి కూడా ఎక్కింది. అట్లా మన ఊరి పేరు, ఊరు లేకుండానే అంత దూరం పోయింది. నేను ఇదంతా చెప్తుంటే ఆ పిల్ల వినలేదు. "కోట మనం పెడదాం మేడం. మనుషుల బదులు మేమే ఉంటం" అంది.

అదీ మా ప్రాజెక్టు. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ఒక్క బొమ్మ చుట్టూనే తిరుగుతుంది. ఎందుకంటే మొదటిసారి ఆ బొమ్మ కుదరలేదు. ఎందుకు కుదరలేదో వెతుక్కుంటూ పోవడమే నా పాఠం అయింది.

ఫిబ్రవరి నెల. ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి నలుగురు పిల్లలు, నేను కుతుబ్ షాహీ సమాధుల వైపు వెళ్ళి కోటని ఫోన్‌తో ఫోటో తీశాం. చక్కటి ఫోటో. కుడిపక్క నుంచి ఏటవాలు ఎండ, కోట గోడల మీద పసుపు పూసినట్టుంది. మర్నాడు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే, పన్నెండున్నరకి, గ్రౌండులో 38 మందిని ఒక్కొక్కరినే నిలబెట్టి ఫోటోలు తీశాం. తర్వాత రెండు వారాలు కంప్యూటర్‌లో కటింగు. తల, చెయ్యి, జడ, రిబ్బను అన్నీ ఒక్కటొక్కటి కత్తిరించారు. ఎంత ఓపిగ్గా కత్తిరించారో చెప్పలేను. అన్నీ తెచ్చి కోట మీద పెట్టారు.

ఇదిగో ఆ బొమ్మ. బాగా చూడండి. తప్పెక్కడుంది? కటింగా? కటింగులో వంక పెట్టడానికి లేదు. మరి ఎందుకు కంటికి ఆనడం లేదు? మా పిల్లాడొకడు చెప్పాడు, "మేడం, అందరం స్టిక్కర్ల లెక్క ఉన్నం." అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేరు. స్టిక్కర్లే. ఇప్పుడు ముక్కులు చూడండి. ప్రతి పిల్ల ముక్కు కింద నీడ ఉంది. ఎండ నెత్తిమీద నుంచి పడుతోంది. వెనక కోటకి మాత్రం ఎండ కుడిపక్క నుంచి పడుతోంది. ఒకే బొమ్మలో ఇద్దరు సూర్యుళ్ళు! చూసేవాళ్ళకి ఇది మాటల్లో తెలియకపోవచ్చు. కంటికి మాత్రం తెలుస్తుంది. పుట్టినప్పటినుంచి ఒకే సూర్యుణ్ణి చూస్తున్న కళ్ళు కదా, రెండో సూర్యుణ్ణి ఎలా నమ్ముతాయి?

అప్పుడేం చేశామంటే, అడుగు స్కేలు పట్టుకొని గ్రౌండులోకి పోయాం. స్కేలు నిటారుగా నిలబెట్టి నీడ కొలిచారు పిల్లలు. పన్నెండున్నరకి నీడ దాదాపు 7 అంగుళాలు. నాలుగింటికి మళ్ళీ పోయి కొలిచారు. దాదాపు 20 అంగుళాలు. అదే స్కేలు, అదే గ్రౌండు. పదో తరగతి పిల్లలు కూడా వచ్చి చేరారు, త్రికోణమితిలో ఎండ ఎన్ని డిగ్రీల్లో పడుతోందో లెక్క కట్టారు. లెక్కల సార్ ఆ పీరియడ్ మాకే ఇచ్చేశారు. లెక్కల సార్లు పీరియడ్ ఇవ్వడం ఎంత పెద్ద విషయమో మీకు చెప్పాలా?

అప్పటినుంచి నా ఫోటో ఎడిటింగ్ క్లాసు కంప్యూటర్ గదిలో మొదలవదు. గ్రౌండులో మొదలవుతుంది. మొదటి వారం మౌస్ ముట్టుకోనివ్వను. పొద్దున ప్రార్థనప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఇంటికి పోయేముందు ఒకసారి ఒకే చెట్టుని, ఒకే స్నేహితుణ్ణి చూసి నోటుపుస్తకంలో రాయాలి. వెలుతురు ఎటునుంచి? నీడ అంచు కత్తిరించినట్టుందా, మసకగా ఉందా? నీడ నల్లగా ఉందా, కొంచెం నీలంగా ఉందా? ఈ ఆఖరి ప్రశ్నకి మొదటి రోజు అందరూ నలుపనే రాస్తారు. మూడో రోజు ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి, "మేడం, తెల్ల గోడ మీద నీడ నీలంగా ఉంది" అంటారు. ఆకాశం వెలుతురు పడితే నీలంగా ఉండదా మరి? ఎప్పుడూ ఉండేదే. చూడలేదు, అంతే.

ఇక్కడ నా మనసులో మాట ఒకటి చెప్తాను. చాలామంది నన్నడుగుతారు, పిల్లలకి అబద్ధపు బొమ్మలెందుకు నేర్పిస్తున్నావు, కుండ, చెట్టు, కొండ వేయించరాదా అని. గాల్లో తేలే పిల్ల, చేప కడుపులో ఇల్లు, ఇలాంటి జరగని సంగతిని బొమ్మ కట్టాలంటే, దాని చుట్టూ ఉన్న ప్రతిదీ నిజంగా జరిగినట్టే ఉండాలి. పిల్ల తేలడం ఒక్కటే అబద్ధం. ఎండ నిజం, నీడ నిజం, చున్నీ కిందికి వేలాడడం నిజం. ఆ ఒక్కటి నమ్మించడానికి మిగతా లోకాన్నంతా కళ్ళు పెట్టి చూడాలి. కుండ బొమ్మ వేసేటప్పుడు ఇంత చూడరండీ. నేను 19 ఏళ్ళు కుండలు వేయించాను, నాకు తెలుసు.

సరే, మళ్ళీ ఫోటోల దగ్గరికి. రెండోసారి 38 మందినీ సాయంత్రం నాలుగింటికి తీశాం. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఆకాశంలో ఉన్నవాళ్ళు మనకి ఎలా కనపడాలి? కిందినుంచి కదా? చెప్పుల అట్టలు కనపడాలి, గడ్డం కింది భాగం కనపడాలి. మనం ఎదురుగా నిలబడి తీస్తే ఎలా కుదురుతుంది? అందుకని స్టేజీ అంచున పిల్లల్ని నిలబెట్టి, ఒక పిల్లాడు కింద చాప వేసుకొని వెల్లకిలా పడుకొని తీశాడు. పై వరసవాళ్ళని అట్లా, మధ్య వరసవాళ్ళని కూర్చొని, కింది వరసవాళ్ళని నిలబడి. ఫోన్ ఎంత ఎత్తులో ఉంది అన్నది ప్రతి ఫోటోకీ రాసుకున్నారు.

గాల్లో తేలే ఫోటో ఒక్కటే తీయాలనుకునేవాళ్ళకి ఒక చిట్కా. ఫోన్‌ని ఇటుకల మధ్య కదలకుండా పెట్టండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (అంటే ఫోన్ తీసుకునే వెలుతురు) లాక్ చేయండి, లేకపోతే రెండు ఫోటోల వెలుతురు రెండు రకాలుగా వస్తుంది. ముందు ఖాళీ స్థలం ఒక ఫోటో. తర్వాత అదే స్థలంలో స్టూలు వేసి, పిల్లని దాని మీద పడుకోబెట్టి ఇంకో ఫోటో. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి స్టూలు చెరిపేస్తే కింద ఖాళీ స్థలం బయటపడుతుంది. అంతే. కానీ స్టూలు తీసేసినా, స్టూలుకి ఆనుకొని నలిగిన బట్ట నలిగినట్టే ఉంటుంది. వీపు చదునుగా ఉంటుంది. అందుకని చిన్న స్టూలు వేయాలి, చున్నీని, జడని పక్కకి వేలాడనివ్వాలి. స్టూలుతోపాటు నీడని కూడా చెరిపేస్తారు పిల్లలు. నేల మీద పిల్ల నీడ లేకపోతే ఆమె ఎంత ఎత్తులో ఉందో ఎవరికి తెలుస్తుంది?

చెరపడం అన్నాను కానీ, మా క్లాసులో రబ్బరు టూల్ నిషేధం. మాస్కే వాడాలి, అంటే బొమ్మ మీద కప్పే నలుపు తెలుపు తెర. తెలుపు చూపిస్తుంది, నలుపు దాస్తుంది. ఇది ఎక్కాల్లాగా కంఠస్థం చేయిస్తాను. రబ్బరుతో చెరిపితే పోయింది పోయినట్టే, మాస్క్ మీద నల్లరంగు వేస్తే దాగుతుంది, తెల్లరంగు వేస్తే తిరిగి వస్తుంది. ఇది చెప్పడానికి పాత సినిమాల కథ చెప్తాను. ఒకే హీరో ఇద్దరుగా ఎలా కనపడేవాడు? కెమెరా కదలకుండా బిగించి, లెన్సులో సగం మూసి ఎడమపక్క హీరోని తీసేవాళ్ళు. ఫిల్ము వెనక్కి తిప్పి, రెండో సగం మూసి, కుడిపక్క అదే హీరోని తీసేవాళ్ళు. మన స్టూడియోల్లో దాన్నే మాస్క్ షాట్ అనేవాళ్ళు. ఆ మాస్కే ఈ మాస్క్. అంతకు ముందు కూడా ఉంది. 1857లో ఆస్కార్ రెయ్‌లాండర్ అనే ఆయన ఇంగ్లండులో 30కి పైగా నెగెటివ్‌లు కలిపి ఒకే పెద్ద ఫోటో ముద్రించాడు. ఫోటోలు దిద్దే ఫోటోషాప్ 1990లో వస్తే, అందులో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు, 1994లో మూడో వెర్షన్‌తో వచ్చాయి. ఇంత చరిత్ర ఎందుకంటే, పిల్లలు దీన్ని కంప్యూటర్ చేసే మాయ అనుకుంటారు. కంప్యూటర్ లేనప్పుడు కూడా చేతులు చేశాయని తెలిస్తే వాళ్ళ చేతులకి ధైర్యం వస్తుంది.

కంప్యూటర్ల సంగతి అడుగుతారని తెలుసు. మా గదిలో 11 ఉన్నాయి, నడిచేవి 7. ర్యామ్ 4 జీబీ. ఫోటోలు దిద్దడానికి గింప్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాం, అది ఉచితం, నెట్ పోయినా పనిచేస్తుంది. నెట్ ఉంటే ఫోటోపీ, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోటోషాప్ తెలిసినవాళ్ళకి కొత్తగా అనిపించదు. ఫోన్ ఫోటోని ఉన్నదున్నట్టు తెరిస్తే మా కంప్యూటర్లు ఆగిపోతాయి, అందుకని ముందే వెడల్పు 2000 పిక్సెళ్ళకి తగ్గిస్తాం. పని మధ్యలో జేపీజీగా సేవ్ చేయవద్దు, లేయర్లన్నీ అతుక్కుపోతాయి. కరెంటు పోతుంది కాబట్టి పది నిమిషాలకోసారి సేవ్. ఇంతకంటే దీని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

మా పిల్లల్లో ఒకరి నాన్న ఫ్లెక్సీ షాపులో డిజైనర్. ఆయన్ని క్లాసుకి పిలిచాను. ఆయన, "మేడం, నేను పదో తరగతి తప్పినవాణ్ణి, బడిలో ఏం చెప్తాను" అన్నాడు. మీరు పెన్ టూల్, అదే బొమ్మ అంచు గీసి కత్తిరించేది, పట్టుకోండి చాలు, మాట్లాడకపోయినా ఫరవాలేదన్నాను. మన ఊళ్ళలో సర్రియలిజం, అంటే కలలో లాగా జరగనిది జరిగినట్టు చూపే కళ, ఎక్కడుంది అంటే ఫ్లెక్సీల మీదే ఉంది. మొదటి పుట్టినరోజు పాప చందమామ మీద పడుకొని ఉంటుంది, పెళ్ళికొడుకు మేఘాల్లో గుర్రమెక్కి వస్తాడు. దాన్ని మనం కళ అనం, పిల్లలు మాత్రం రోజూ చూస్తూ పెరుగుతారు. ఆయన ఒక మనిషి బొమ్మని నాలుగు నిమిషాల్లో కత్తిరించాడు. తల చుట్టూ తెల్లగీత ఎందుకొస్తుందో చూపించాడు. అంచు మీద కత్తిరిస్తే వెనకున్న రంగు కూడా కొంచెం వస్తుంది, ఒకటి రెండు పిక్సెళ్ళు లోపలికి కత్తిరించాలి అన్నాడు. నా రెండు వారాల పాఠం ఆ ఒక్క మాటలో ఉంది. వాళ్ళబ్బాయి ఆ రోజు మొదటి బెంచీలో కూర్చున్నాడు. రోజూ కూర్చునేది ఆఖరి బెంచీ.

అతుకు గురించి ఇంకొక్క మాట. నరసింహస్వామి శిల్పం దగ్గర నిలబడి చూడమంటాను పిల్లల్ని. మనిషి ఒళ్ళు, సింహం తల. కలిసేదెక్కడ? మెడ దగ్గర. అక్కడ ఏముంటుంది? జూలు, దాని కింద హారాలు. వినాయకుడికీ అంతే, ఏనుగు తల మనిషి భుజాలతో కలిసేచోట హారాలు, జంధ్యం. చూసేవాళ్ళ మనసులో భక్తి తప్ప అనుమానం పుట్టకుండా ఎంత నేర్పుగా కలిపారో చూడండి. అతుకు ఎక్కడ పెట్టాలో మన శిల్పులకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఇక కష్టమైన విషయం. ఇది చెప్పకుండా ఈ పాఠం చెప్పకూడదు.

1917లో ఇంగ్లండులో కాటింగ్లీ అనే పల్లెలో ఇద్దరు అమ్మాయిలు, ఒకరికి 16, ఒకరికి 9, కాగితం మీద దేవకన్యల బొమ్మలు వేసి, కత్తిరించి, టోపీ పిన్నులతో గడ్డిలో గుచ్చి, పక్కన నిలబడి ఫోటో తీసుకున్నారు. సరదాకి. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన ఆర్థర్ కానన్ డాయిల్ అంతటివాడు నమ్మి పత్రికలో రాశాడు. అది కాగితమని వాళ్ళు ఒప్పుకునేసరికి 1983 వచ్చింది. ముసలివాళ్ళయ్యారు. అంతమంది పెద్దవాళ్ళు నమ్మాక నిజం చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. మా పిల్లలు ఈ కథ వినగానే అడిగే మొదటి ప్రశ్న, "మేడం, ఆ దేవకన్యల మీద నీడ ఎటుంది?" ఆ ప్రశ్న వినడం కోసమే నేను ఆ కథ చెప్తాను.

ఇంకొక కథ చెప్పడం నాకు బాధ. కొన్నేళ్ళ క్రితం, నేను వేరే చోట పనిచేసేటప్పుడు, ఒక అమ్మాయి ముఖం తీసి ఎవరో వేరే ఒంటికి అతికించి ఫోన్లలో తిప్పారు. ఆ అమ్మాయి బడి మానేసింది. బాగా బొమ్మలు వేసేది. మేము పెద్దవాళ్ళం ఆమెతో మాట్లాడడానికి ఆలస్యం చేశాం. అందుకే నా క్లాసులో మొదటి రోజు బోర్డు మీద రాసేది, ఎవరి ముఖం వాడినా వాళ్ళని అడగాలి, ఎలా వాడతామో చూపించాలి, వాళ్ళు వద్దంటే ఆ నిమిషమే తీసేయాలి. గోల్కొండ బొమ్మలో ఒక అమ్మాయి వద్దంది. 37 మందే ఉన్నారు, లెక్కపెట్టుకోండి. ఆమె కోటకి రంగులు సరిచేసింది. ఇలాంటి దెబ్బ తగిలితే ఏ నంబరుకి ఫోన్ చేయాలో కూడా పిల్లలకి నోటికి రావాలి. పిల్లల కోసం 1098, సైబర్ నేరాలకి 1930. మీరు కూడా రాసుకోండి, దయచేసి.

ఏఐ గురించి అడగబోతున్నారు, ఆ ముందు వరసలో సార్ చెయ్యి అప్పుడే సగం లేచింది. మా పిల్లలూ అడిగారు. "ఫోన్‌కి చెప్తే చేసేస్తది కదా మేడం, మనకెందుకు ఇంత తిప్పలు?" చేయించండి అన్నాను. చేయించారు. కోట, పిల్లలు, ఆకాశం, అన్నీ నిగనిగలాడుతూ వచ్చాయి. ప్రింటు తీసి గోడకి అంటించి, మన పాఠం దీనికీ చెప్పండి అన్నాను. రెండు నిమిషాలు పట్టలేదు. ఇద్దరు పిల్లల నీడలు ఎడమకి, ఒకడి నీడ కుడికి. కోటకి అసలు లేని బురుజు ఒకటి మొలిచింది. రోజూ ఆ కోటని చూసే పిల్లలు కదా, "ఇది మా కోట కాదు" అన్నారు. రేపు అది ఇంకా బాగా చేస్తుంది, నీడలు కూడా సరిగ్గా వేస్తుంది, నాకు తెలుసు. అయినా స్కేలు పట్టుకొని నీడ కొలిచిన పిల్లకి ఆ నాలుగు గంటల ఎండ ఎవరు తీసుకుపోగలరు?

ఆఖరిగా ఒక పిల్లాడి బొమ్మ. తెర మీద చూపించను, ఎందుకో చెప్తాను.

గోల్కొండ బొమ్మ అయ్యాక ఎవరిది వాళ్ళు ఒకటి చేయమన్నాను. జరగనిది ఏదైనా. ఏనుగులు, రాకెట్లు, మబ్బుల్లో బస్సులు వచ్చాయి. ఒక పిల్లాడు, వాళ్ళది టోలీచౌకి, వాళ్ళ నాన్న జెద్దాలో పనిచేస్తాడు, ఇంటికొచ్చి మూడేళ్ళు దాటింది. వాడు చేసిన బొమ్మలో ఏనుగులేమీ లేవు. ఇంట్లో రాత్రి భోజనం. అమ్మ, చెల్లి, వాడు, నాన్న కింద కూర్చొని తింటున్నారు. అంతే.

మొదటిసారి వాట్సాప్‌లో వచ్చిన ఏదో ఫోటోలోంచి నాన్నని కత్తిరించి పెట్టాడు. కుదరలేదు. వాడే కనిపెట్టాడు, ఆ ఫోటో నిలబడి తీసింది, మనం ఇంట్లో కూర్చొని తీశాం, అందుకే నాన్న ముందుకి ఒరిగిపోతున్నట్టున్నాడు అని. అప్పుడు వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర, అక్కడ ఆరు. "నాన్నా, నువ్వు కింద కూర్చో. లైటు నీ ఎడమపక్క ఉండాలి. ఫోన్ నేల నుంచి రెండడుగుల ఎత్తులో పట్టుకోమను. ప్లేటు ముందర పెట్టుకో." ఆ గదిలో ఉండే ఇంకో ఇద్దరు కలిసి మంచం జరిపి, చాప వేసి, టేబుల్ లైటు ఎడమపక్క పట్టుకొని ఫోటో తీశారట. మూడుసార్లు తీయించాడు. మూడోసారి సరిపోయింది. నాన్న చేతి నీడ కంచం మీద ఎటు పడాలో అటే పడింది.

ప్రదర్శనకి ఇస్తావా అని అడిగాను. "వద్దు మేడం, అమ్మకిచ్చిన" అన్నాడు. అందుకే చూపించడం లేదు.

మిగతా బొమ్మలన్నీ బయట వరండాలో తాడుకి క్లిప్పులు పెట్టి వేలాడదీశాం. టీ అక్కడే ఇస్తారు. పిల్లలు ఆరుగురు వచ్చారు, బొమ్మల దగ్గరే ఉంటారు. సాయంత్రం దాకా ఉంటారు. ఏ బొమ్మ దగ్గరైనా ఆగి, ఎండ ఎటునుంచి పడుతోందమ్మా అని అడగండి. వాళ్ళు చెప్పేదాకా అక్కడ నుంచి కదలకండి.